ముందు మీ నాన్నను అడుగు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నా వయసు 24. బీఎస్సీ పూర్తయింది, డిగ్రీలో హోమ్ సైన్స్ ఒక సబ్జెక్టు. అమ్మ అంగన్‌వాడీ టీచర్. నాన్నకు 47 ఏళ్లు, కిడ్నీలు పాడై రెండేళ్ల నుంచి డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి రెండుసార్లు నేనే పలాస తీసుకెళ్లి తీసుకొస్తాను. తమ్ముడు ఇంటర్‌తో చదువు ఆపేసి చెన్నై పనికి వెళ్లిపోయాడు. వంట నాన్నమ్మదే. డెబ్బై దాటాయి, చూపు సరిగా ఆనదు. ఉప్పు డబ్బా, కారం డబ్బా చోటు మారిస్తే ఊరుకోదు. ఎప్పుడూ అవే రెండు కూరలు. బియ్యంలో రాళ్లు చూడటానికి పక్కింటి పాపను పిలుస్తుంది. నాకు మానవ వికాసంలో ఎమ్మెస్సీ చెయ్యాలని ఉంది. అమ్మ ‘నీ ఇష్టం’ అంటుంది. చిన్నాన్న మాత్రం ‘పిల్లల్ని పెంచడానికి కూడా ఎమ్మెస్సీ కావాలా, బీఎడ్ చేసి డీఎస్సీ రాసుకో’ అంటున్నారు. ఒక ఫ్రెండ్ దూరవిద్యలో సైకాలజీ చెయ్యమంటోంది. అసలు ఈ చదువులో ఏం చెబుతారు? ఉద్యోగం వస్తుందా? నాది తెలుగు మీడియం. ఇంట్లో పరిస్థితి ఇలా ఉంటే నేను చదువుకుంటాననడం స్వార్థమా?
(పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు:

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ ప్రశ్నల కోసం. రెండోసారి మీ నాన్నమ్మ కోసం.

ఉప్పు డబ్బా సంగతి, రెండు కూరల సంగతి, పక్కింటి పాప సంగతి ఏదో మాటవరసకు రాసేశావు. నువ్వు చెయ్యాలనుకుంటున్న ఎమ్మెస్సీలో ముసలితనం గురించి చెప్పే ముఖ్యమైన పాఠం అదే. పాల్ బాల్టెస్ అని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన భార్య మార్గరెట్ కలిసి 1990లో దాన్ని సిద్ధాంతంగా రాశారు. వయసు మీద పడ్డాక కూడా బాగా నెట్టుకొచ్చేవాళ్లు మూడు పనులు చేస్తారని వాళ్లు గమనించారు. ముఖ్యమైన పనులు కొన్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తారు. ఉంచుకున్నవాటిలో చెయ్యి తిరిగేలా బాగా సాధన చేస్తారు. తగ్గిన శక్తికి బదులు ఇంకో దారి వెతుక్కుంటారు. దీనికి బాల్టెస్ ఆర్థర్ రూబిన్‌స్టీన్ అనే పియానో విద్వాంసుడి ఉదాహరణ చెప్పేవారు. ఎనభై ఏళ్ల వయసులో ఇంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే, తక్కువ పాటలు పెట్టుకుంటాననీ, వాటినే ఎక్కువ సాధన చేస్తాననీ, వేగంగా వాయించాల్సిన చోటు రాబోతుంటే దానికి ముందు కాస్త నెమ్మదిస్తాననీ, అప్పుడు ఆ వేగం వేగంగానే వినిపిస్తుందనీ చెప్పాడట.

మీ నాన్నమ్మ చేస్తున్నదీ అదే. అన్ని కూరల్లోంచి రెండు ఉంచుకుంది. డబ్బాల చోటు చేతికి అలవాటు చేసుకుంది. తన కంటికి ఆననిదానికి పక్కింటి పాప కళ్లు తెచ్చుకుంది. రేపు ఎవరో మంచి మనసుతోనే వంటగది సర్దుదామని ఆ డబ్బాలు మార్చేశారనుకో. ఆవిడ చేతిలోంచి వంట జారిపోతుంది. ఉప్పు బదులు ఇంకోటి పడుతుంది. ‘ముసలామెకి మతి తప్పుతోంది’ అని ఇంట్లో ఒకరు, వీధిలో పదిమంది అంటారు. నిజానికి చెడింది ఆవిడ మతి కాదు, ఆవిడ కట్టుకున్న ఏర్పాటు. ఈ తేడా పట్టుకోగలగడమే ఈ చదువు. (అన్నట్టు, ఆ చూపు ఒకసారి కంటి డాక్టరుకు చూపించు. శుక్లమైతే చిన్న ఆపరేషన్‌తో తేరుకుంటుంది.)

ఇప్పుడు మీ చిన్నాన్న మాట. పిల్లల్ని పెంచడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, ఆయన అన్నది నిజమే. కానీ ఈ చదువు పిల్లల పెంపకంతో ఆగదు. అమ్మ కడుపులో పడ్డప్పటి నుంచి కన్నుమూసే దాకా మనిషిలో ఏమేం మారుతుంది, ఎందుకు మారుతుంది, ఏది మారకుండా ఉంటుంది, ఇల్లూ ఊరూ డబ్బూ కాలమూ దాన్ని ఎటు తిప్పుతాయి అన్నది దీని విషయం. ఒకప్పుడు బాల వికాసం అనేవారు. మనిషి పద్దెనిమిదేళ్లకు పెరగడం ఆపేస్తాడన్నట్టు ఉండేది ఆ పాఠం. తర్వాత జీవితకాల వికాసం అన్న చూపు వచ్చింది. ఏ వయసులోనైనా కొంత వస్తుంది, కొంత పోతుంది, రెండూ పక్కపక్కనే నడుస్తాయి అంటుంది అది. నెట్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. ‘మానవాభివృద్ధి’ అని కొడితే ఐక్యరాజ్యసమితి 1990 నుంచి వేస్తున్న నివేదికలు, దేశాల ర్యాంకులు వస్తాయి. అది ఆర్థికశాస్త్రం వాళ్ల లెక్క. నీకు కావలసింది ‘హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్’.

తరగతిలో ఏముంటుందంటే, మనిషి ఎదుగుదల మీద పియాజే, వైగాట్‌స్కీ, ఎరిక్సన్, బౌల్బీ లాంటి వాళ్లు చెప్పిన సిద్ధాంతాలు ఉంటాయి. కుటుంబం, వివాహం, వృద్ధాప్యం, వైకల్యం ఉన్న పిల్లలు, కౌన్సెలింగ్ ఉంటాయి. పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్ ఉంటాయి. కాలేజీకి అనుబంధంగా బుజ్జి పిల్లల బడి ఉంటే అక్కడ నెలల తరబడి కూర్చుని చూసి రాయడం ఉంటుంది. చివర్లో ఒక డిసర్టేషన్, అంటే సొంతంగా చేసి రాసే చిన్న పరిశోధన. చాలామందికి టెన్షన్ స్టాటిస్టిక్స్ దగ్గరే. నాకూ ఉండేది. కానీ ఆ పేపరే నన్ను ఎక్కువగా మార్చింది. ఎలాగో చెబుతాను.

ఒకే రోజున ఇరవై ఏళ్లవాళ్లకూ డెబ్బై ఏళ్లవాళ్లకూ ఒకే తెలివి పరీక్ష పెడితే పెద్దవాళ్లకు మార్కులు బాగా తగ్గుతాయి. దాన్ని చూసి వయసుతో తెలివి పడిపోతుందని చాలాకాలం రాశారు. అమెరికాలో సియాటిల్ నగరంలో వార్నర్ షాయ్ అనే ఆయన 1956లో మొదలుపెట్టి, ఏడేళ్లకోసారి అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ పిలిచి పరీక్షించాడు. చాలా సామర్థ్యాలు నడివయసు దాకా నిలకడగానే ఉన్నాయి, కొన్ని పెరిగాయి కూడా. మొదటి లెక్కలో కనిపించిన తగ్గుదలలో చాలా భాగం వయసుది కాదు, తరాల మధ్య చదువులో ఉన్న తేడాది. మన ఊళ్లకు ఇది ఎంత అవసరమో ఆలోచించు. నీకు డిగ్రీ ఉంది. మీ నాన్నమ్మ ఈడు ఆడవాళ్లలో ఎంతమంది బడికి వెళ్లారు? ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చి, వచ్చిన తేడాకు ముసలితనం అని పేరు పెడితే అన్యాయం కదా.

అందుకే ఈ శాస్త్రంలో గొప్ప పనులన్నీ ఏళ్ల తరబడి వెంట నడిచినవే. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన పిల్లలు 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం నడివయసు దాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు లాంటి కష్టాలు ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డ పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అలా నిలబడ్డవాళ్ల జీవితంలో పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు కనిపించారు. చాలా ఇళ్లలో ఆ ఒక్కరూ అమ్మమ్మో, నాన్నమ్మో, బయటి బంధువో.

ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. ‘యంగ్ లైవ్స్’ అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తున్న పెద్ద అధ్యయనం ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం, మొత్తం నాలుగు దేశాల్లో. మన దేశంలో దానికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. 2002లో మొదలుపెట్టినప్పుడు ఏడాది వయసు పిల్లలు సుమారు 2,000 మంది, ఎనిమిదేళ్ల పిల్లలు సుమారు 1,000 మంది. ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆ ఏడాది పిల్లలు ఇప్పుడు నీ ఈడువాళ్లు. మన జిల్లా పిల్లలు ఏం తిన్నారు, ఎన్నేళ్లకు బడి మానారు, ఎప్పుడు పెళ్లయింది అన్నది ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో చదివి పేపర్లు రాస్తున్నారు. వాళ్లతోపాటు మన పల్లె అమ్మాయి కూడా చదివి, ‘ఈ అంకె వెనక సంగతి నాకు తెలుసు’ అని రాయాలని నాకు గట్టిగా ఉంది. నీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి అదీ ఒక కారణం.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చదువు ముగిసిన కొత్తలో భోగాపురం వైపు ఒక జాలరిపేటలో పిల్లల మాటతీరు పరీక్షించడానికి వెళ్లాను. చేతిలో బొమ్మల కార్డులు. ఎక్కడో తయారైన పరీక్ష అది. బొమ్మ చూపించి ‘ఇదేమిటి’ అని అడగాలి, సరైన మాట చెబితే ఒక మార్కు. నాలుగేళ్ల గుంటడు, ముక్కు కారుతోంది, చొక్కాకు ఒక్కటే బొత్తాం. కుర్చీ చెప్పాడు, ఆవు చెప్పాడు. చేప బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కార్డు దగ్గరికి లాక్కుని తోక చూశాడు, తల చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కార్డు మీద రాసిన గడువు అయిపోయింది. నేను సున్నా వేశాను. కాగితాలు సర్దుతుంటే వాడే అడిగాడు, ‘ఇది చందువా కాదు, వంజరమూ కాదు. ఏటి చేప మేడమ్ ఇది?’ అని.

పట్నం పిల్లలు ‘చేప’ అనేసి మార్కు కొట్టేస్తారు. వీడికి మామూలు చేప అనేది లేదు. ప్రతి చేపకూ ఒక పేరుంది, ఆ పేరు వాడికి తెలుసు. ఆ పరీక్షకే అంత తెలివి లేదు. ఆ కాగితం మీద సున్నా మార్చలేదు నేను, నియమం ఒప్పుకోదని. మార్చి ఉండాల్సింది. కనీసం పక్కన వాడి మాట రాసి ఉండాల్సింది. ఆ సున్నా లెక్కల్లోకి వెళ్లింది, ‘మత్స్యకార గ్రామాల పిల్లల్లో భాషా వికాసం తక్కువ’ అన్న వాక్యానికి అదీ ఒక ఇటుకైంది. గిడుగు రామ్మూర్తి పంతులు గారు వందేళ్లకు ముందే, పర్లాకిమిడి చుట్టుపక్కల సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. పిల్లవాడి దగ్గరికి మనం వెళ్లాలన్న బుద్ధి మన ప్రాంతంలో అప్పటికే ఉంది. నాకు చేప బొమ్మ దగ్గర గానీ రాలేదు.

నీ తెలుగు మీడియం భయానికి ఇక్కడే జవాబు ఉంది. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, పరీక్షలు ఇంగ్లిష్‌లో రాయాలి. మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి పాఠం చదివాక పుస్తకం మూసేసి, మీ అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో పది వాక్యాలు రాయి. రాయలేకపోతే నీకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదువు. రాయగలిగితే దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవడం పెద్ద పని కాదు. నా దగ్గర చదివిన తెలుగు మీడియం పిల్లలు చాలామంది ఇలాగే గట్టెక్కారు. ఇక ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లినప్పుడు అసలు బలం నీదే. ‘ఏటమ్మా, ఎలగున్నావు’ అని నువ్వు పలకరిస్తే గడప మీద కూర్చున్న ముసలమ్మ నీతో చెప్పేది, ప్రశ్నావళి పట్టుకుని వచ్చిన బయటివాళ్లతో చెప్పదు.

ఎక్కడ చదవాలి అన్నది కాస్త చిక్కు. గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది. హోమ్ సైన్స్‌కు ఇప్పటి పేరు అది. సరిగ్గా ఈ సబ్జెక్టే ఉంది గానీ, అక్కడ పీజీకి నాలుగేళ్ల కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ అడుగుతారు. నీది మూడేళ్ల బీఎస్సీ. ధార్వాడ్, లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ మంచి విభాగాలున్నాయి, అక్కడా అదే చిక్కు. నువ్వు చూడాల్సింది తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ హోమ్ సైన్స్ విభాగాలున్నాయి. దారి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష. నోటిఫికేషన్ రాగానే అర్హతల పేజీలో నీ డిగ్రీ గ్రూపు ఉందో లేదో చూసుకో. తర్వాత విభాగానికి నేరుగా ఫోన్ చేసి, ఈ ఏడాది మానవ వికాసం స్పెషలైజేషన్ నడుస్తోందా, పిల్లల బడి ల్యాబ్ ఉందా, హాస్టల్ దొరుకుతుందా అని మూడు ముక్కలు అడుగు. చేరేవాళ్లు తక్కువైతే స్పెషలైజేషన్లు ఆపేస్తుంటారు. సీటు వచ్చాక తెలిసి ఏడ్చిన పిల్లల్ని చూశాను. బయటికి వెళ్లగలిగితే బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని లేడీ ఇర్విన్ కాలేజీ ఈ సబ్జెక్టుకు దేశంలో పేరున్న చోట్లు. కానీ మీ ఇంటి పరిస్థితిలో నేను ఢిల్లీ అనను.

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ సైకాలజీ విభాగం, సోషల్ వర్క్ విభాగం రెండూ పాతవే. పలాస నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు విశాఖలో ఉంటావు. తిరుపతి అలా కాదు. ఎమ్మెస్సీ మానవ వికాసం దొరక్కపోతే విశాఖలో సోషల్ వర్క్ చేసి, డిసర్టేషన్ వృద్ధుల మీదో పిల్లల మీదో పెట్టుకోవడం నా దృష్టిలో రెండో మంచి దారి. పట్టా మీద పేరు మారుతుంది, నీ ప్రశ్న మారదు.

నీ ఫ్రెండ్ చెప్పిన దూరవిద్య సైకాలజీ జోలికి మాత్రం పోవద్దు. ఆరోగ్య సంబంధ వృత్తుల మీద 2021లో వచ్చిన చట్టాన్ని చూపిస్తూ, 2025 జులై-ఆగస్టు అడ్మిషన్ల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఎవరైనా ఇంకా సీటు ఇస్తామంటే డబ్బు కట్టకు. ఇంకో మాట కూడా ముందే తెలిసి ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, మానవ వికాసం ఎమ్మెస్సీతో అది రాదు. ఇంటి నుంచి కదల్లేని పరిస్థితే వస్తే ఇగ్నోలో పసిపిల్లల సంరక్షణ, విద్య మీద డిప్లొమా ఉంది. ఈ-పీజీ పాఠశాల అనే ప్రభుత్వ సైట్‌లో హోమ్ సైన్స్ పీజీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సీటు కోసం ఎదురు చూస్తూ అవి చదవడం మొదలుపెట్టు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఈ ఎమ్మెస్సీ పట్టా చూసి పిలిచి ఉద్యోగమిచ్చే చోట్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువ. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీఓ పోస్టులకు హోమ్ సైన్స్ చదివినవాళ్లు పోటీ పడొచ్చు గానీ, ఆ నోటిఫికేషన్లు ఏటా రావు. కాలేజీలో చెప్పాలంటే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్షలో హోమ్ సైన్స్ పేపర్ రాయాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, సర్వే ప్రాజెక్టులు ఉన్నాయి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పనులే. 45 ఏళ్లు దాటినవాళ్ల మీద మన దేశంలో జరుగుతున్న ‘లాసీ’ అధ్యయనం మొదటి విడతలోనే, 2017-18లో, 72,000కు పైగా మనుషులతో మాట్లాడారు. అలాంటి పనికి ఇంటింటికీ వెళ్లి ఓపిగ్గా వినగలిగేవాళ్లు కావాలి. చదువైన రెండేళ్లలో ఇంటికి ఖాయంగా జీతం రావాల్సిందే అంటే మీ చిన్నాన్న చెప్పిన బీఎడ్ దారి తప్పు కాదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. కానీ దానికి ముందు పూర్తిగా జరిగిన డీఎస్సీ 2018 నాటిది. మధ్యలో బీఎడ్ చేసి ఏడేళ్లు ఎదురు చూసినవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, వాళ్లనూ అడుగు.

నువ్వు చెప్పకుండానే నీ ఇల్లు ఈ చదువుకు ఒక పాఠంలా ఉంది. ఒక్కో వయసుకు ఒక్కో పని అని ప్రతి సమాజం ఒక గడియారం పెట్టుకుంటుందని బెర్నీస్ న్యూగార్టెన్ అనే ఆవిడ చెప్పింది. పెళ్లి ఇప్పుడు, ఉద్యోగం ఇప్పుడు, మంచాన పడటం ఎప్పుడో అని. ఆ వేళ తప్పి వచ్చిన కష్టం ఎక్కువగా కుంగదీస్తుంది. మీ ఇంట్లో అన్నీ వేళ తప్పాయి. 45 ఏళ్లకే నాన్న మంచాన పడ్డారు, తమ్ముడు చదువుకునే వయసులో సంపాదనకు వెళ్లాడు, విశ్రాంతి తీసుకోవాల్సిన నాన్నమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చింది. ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎన్ని ఇళ్లలో ఇదే వరస! ఆ కిడ్నీ జబ్బుకు కారణం ఏమిటన్నది ఇన్నేళ్లయినా పూర్తిగా తేలలేదు. నీళ్లు పరీక్షించారు, రక్తం పరీక్షించారు, పలాసలో పెద్దాసుపత్రీ కట్టారు. ఆ ఇళ్లలో పిల్లలు ఎలా పెద్దవాళ్లవుతున్నారన్నది మాత్రం ఎవరైనా నిదానంగా కూర్చుని రాయాల్సిన విషయం.

తమ్ముడి గురించి నువ్వు బాధపడుతున్నావని రాసిన తీరులోనే తెలిసింది. గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం చూసిన పిల్లల జీవితాలను పరిశీలించాడు. నాన్నల ఆదాయం పోయిన ఇళ్లలో మగపిల్లలు పనులకు వెళ్లారు, ఆడపిల్లలు ఇంటి పని మోశారు. ఆ కష్టం వచ్చేసరికి కాస్త పెద్దవాళ్లయి ఉన్న మగపిల్లలు తర్వాత బాగానే నిలబడ్డారు. అప్పటికి మరీ చిన్నవాళ్లుగా ఉన్న మగపిల్లలకే దెబ్బ ఎక్కువ తగిలింది. అంటే మీ తమ్ముడి కథ ఇంటర్‌తో అయిపోలేదు. వాడికి ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతితోపాటు, అక్కడ ఏ పని నేర్చుకుంటున్నాడో కూడా అడుగుతూ ఉండు. ఓపెన్ డిగ్రీ తలుపు తెరిచే ఉంది.

ఇక స్వార్థమా అన్న ప్రశ్న. నీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, చిన్నాన్న మాట ఉంది, ఫ్రెండ్ మాట ఉంది. నాన్న ఏమన్నారో లేదు. ఆయన గురించి వయసు, జబ్బు, వారానికి రెండుసార్లు ఎవరు తీసుకెళ్తున్నారు, ఇంతే. నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. జబ్బు మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. ముందు ఆయన చేతిలోంచి పని తీసుకుంటాం, తర్వాత డబ్బు, తర్వాత నిర్ణయాలు. ‘ఆయనకెందుకు టెన్షన్’ అని ప్రేమతోనే అన్నీ దాచిపెడతాం. ఒక రోజు చూస్తే ఇంట్లో మనిషి ఉంటాడు, నాన్న ఉండడు.

ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు, 1950లో. ఏడోది నడివయసు. తర్వాతి తరం కోసం ఏదైనా చెయ్యాలన్న తపన ఆ వయసు ఆకలి అన్నాడు. అది తీరకపోతే మనిషి లోపల ఎండిపోతాడు. మీ నాన్నది సరిగ్గా ఆ వయసు. కిడ్నీలు పాడైనా ఆ ఆకలి పోదు. కొబ్బరి చెట్టు ఎక్కలేకపోవచ్చు, జీడితోట చూసుకోలేకపోవచ్చు. కూతురి చదువు గురించి ఒక మాట చెప్పడం ఆయన ఇంకా చెయ్యగలిగిన తండ్రి పని. ఆయనను అడక్కుండా ‘నాన్న కోసం చదువు మానేశాను’ అని నువ్వు ఒక్కదానివే తేల్చేసుకుంటే, ఆ పని కూడా ఆయన నుంచి తీసేసుకున్నట్టే. తర్వాత ఎప్పుడో ఆయనకు అది తెలుస్తుంది. తన వల్లే నీ చదువు ఆగిందన్న బరువు డయాలసిస్ కంటే కష్టం.

అడిగే ముందు ఏర్పాటు గురించి కూడా ఆలోచించుకుని వెళ్లు, ఉత్త చేతులతో వెళ్లకు. ఆ రెండు రోజులు నువ్వు లేకపోతే ఎవరు తోడు? మీ ఊరి నుంచి అదే ఆసుపత్రికి, అదే రోజుల్లో వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లతో కలిపి ఒక ఆటో మాట్లాడుకోవచ్చు. అమ్మకు అంగన్‌వాడీ వదిలే వేళ ఎప్పుడు, డయాలసిస్ వేళ మార్చమని అడగొచ్చా? బీఎడ్ దారి చెప్పిన చిన్నాన్న వారంలో ఒక రోజు తోడు వెళ్లగలరా? ఆయన మీద కోపంతో ఈ మాట అనడం లేదు. నీ విషయంలో తనకూ బాధ్యత ఉందనుకునే కదా సలహా ఇచ్చారు, అడిగితే కాదనకపోవచ్చు. డయాలసిస్ పింఛను నెలకు 10,000 మీకు వస్తోందా, లేదా? రాకపోతే ముందు సచివాలయానికి వెళ్లి ఆ పని చూడు. ఇవన్నీ చూసినా కుదరడం లేదంటే, విశాఖ దారి పట్టుకుని వారం చివర ఇంటికొచ్చేలా చూసుకో. అదీ కాకపోతే ఈ ఏడాది ఆగి ఇంట్లోనే చదువుకుంటూ వచ్చే పీజీసెట్ రాయి. 25 ఏళ్లకు ఎమ్మెస్సీలో చేరడం ఆలస్యమేమీ కాదు. నా పక్క బెంచీలో ఇద్దరు పిల్లల తల్లి ఉండేది, మా అందరి కంటే ఆవిడకే పాఠాలు బాగా అర్థమయ్యేవి.

డయాలసిస్‌కు నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ ఆయన కదలకుండా మంచం మీదే ఉంటారు, నువ్వు బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ ఉంటావు. ఈసారి వెళ్లేటప్పుడు కోర్సు వివరాలున్న కాగితాలు పట్టుకెళ్లు. లోపలికి రానిస్తే ఆయన పక్కన కూర్చుని ఒక్కో పేపర్ పేరూ తెలుగులో చదివి వినిపించు. రానివ్వకపోతే తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పు. నాన్నమ్మ డబ్బాల సంగతి కూడా చెప్పు, అది పుస్తకాల్లో ఉందని. ఆయన ఏమన్నారో నాకు మళ్లీ రాయి.